భయస్తుల ధైర్యం

ధైర్యం గురించి నేను విన్న మొదటి కథ ఒక పిరికివాడి కథ. మా తాతయ్య భారతం చెబుతూ విరాటపర్వానికి వచ్చేసరికి పిల్లలమంతా ఆయనకు ఇంకొంచెం దగ్గరగా జరిగేవాళ్లం. అంతఃపుర స్త్రీల ముందు కౌరవసేననంతా తానొక్కడే తరిమికొడతానని పలికిన ఉత్తరకుమారుడు, తీరా ఆ సేనను కళ్లారా చూడగానే ఒళ్లు గగుర్పొడిచి, రథం మీదనుంచి దూకి పారిపోతుంటే, బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకునే చోట మేము పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. తెలుగువాళ్లకు ఉత్తరకుమారుడంటే ఈనాటికీ కోతలు కోసి తప్పుకునేవాడే. తాతయ్య మాత్రం కథను అక్కడ వదిలేవారు కాదు. అదే రోజు, అదే సేనకు ఎదురుగా, ఆ కుర్రవాడే అర్జునుడి రథానికి పగ్గాలు పట్టాడని చెప్పేవారు. చాలా రాత్రుల తరువాత భీష్మపర్వం వచ్చినప్పుడు, కురుక్షేత్రంలో మొదటి రోజునే ఏనుగునెక్కి శల్యుడి మీదికి వెళ్లి, ఆయన రథాశ్వాలను చంపి, ఆయన విసిరిన శక్తికి నేలకూలినవాడు కూడా ఆ ఉత్తరుడేనని గుర్తుచేసి, "పారిపోయినవాడూ వాడే, ఏనుగెక్కి వెళ్లినవాడూ వాడే. వాణ్ణి ఏమని పిలుద్దామర్రా?" అని అడిగేవారు.

మాలో ఎవరికీ జవాబు తోచేది కాదు. ఆ ప్రశ్న నాతోపాటే పెరిగింది. ఇప్పుడు నాకు అనిపించేది ఏమిటంటే, అంతఃపురంలో మాట్లాడిన ఉత్తరుడికి యుద్ధమంటే ఏమిటో తెలియదు కనుక ఆ మాటల్లో ధైర్యమూ లేదు, అబద్ధమూ లేదు. శల్యుడి మీదికి వెళ్లిన ఉత్తరుడికి యుద్ధం ఎలా ఉంటుందో, దాని ముందు తన గుండె ఎలా కొట్టుకుంటుందో రెండూ తెలుసు. ఎన్నడూ వెన్ను చూపనివాడు ముందుకు నడవడం కన్నా, ఒకసారి పరుగెత్తి, ఆ పరుగును పదిమందీ చూసిన తరువాత మళ్లీ నడవడం కష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

నాతో చదువుకున్న ఒక కుర్రవాడు నీళ్ల ట్యాంకు పిట్టగోడ మీద రెండు చేతులూ చాచి నడిచేవాడు. మేము కింద నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఆ రోజుల్లో మా అందరి లెక్కలో ధైర్యానికి అతడే కొలత. పెద్దవాళ్లమయ్యాక ఒకసారి కలిసినప్పుడు నేను ఆ సంగతి ఎత్తితే, అతడు దాన్ని ఏమాత్రం గొప్పగా తీసుకోలేదు. "పైనుంచి కిందికి చూస్తే నాకు ఏమీ అనిపించేది కాదు. మీ అందరికీ కడుపులో ఏదో తిరుగుతుందని చెప్పేవారు కదా, అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు" అన్నాడు. తన జీవితంలో ధైర్యంగా చేసిన పని ఒక్కటే ఉందని, చదువు మధ్యలో మానేసిన సంగతిని నెలల తరబడి దాచి దాచి, చివరికి ఒక సాయంకాలం తండ్రి ఎదుట నిలబడి చెప్పడమే ఆ పనని అన్నాడు. ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిన రోజులు చాలా ఉన్నాయట. మేమెవరమూ ఆ పనిని చూడలేదు, చూసినా చప్పట్లు కొట్టేవాళ్లం కాదు.

అతడి మాటలు విన్న తరువాతే, వైద్య పరిశోధకులు ఎస్.ఎం. అన్న పొడి అక్షరాలతో మాత్రమే పేర్కొనే ఒక మహిళ గురించి చదివినప్పుడు భయమే లేనిచోట ధైర్యమూ ఉండదన్న విషయం నాకు బాగా అర్థమైంది. అరుదైన జన్యువ్యాధి వల్ల ఆమె మెదడులో రెండు వైపులా, భయం కలగడానికి ముఖ్యమైన అమిగ్డలా అనే భాగం పాడైపోయింది. 2011లో ప్రచురించిన పరిశోధనలో, పాములంటే తనకు ఇష్టం లేదని చెప్పిన ఆమె తీరా వాటిని చేతిలోకి తీసుకుని ఆసక్తిగా పరిశీలించిందని, దయ్యాల వేషాలతో జనాన్ని హడలగొట్టే ఒక కట్టడంలో అందరికన్నా ముందు నడిచిందని రాశారు. కత్తి పట్టుకున్న మనిషి తన మీదికి వచ్చిన సందర్భంలో కూడా ఆమె భయపడలేదు. బయటినుంచి చూస్తే ఇంతకన్నా ధైర్యవంతురాలు ఉండదు. అయినా ఆమెను ధైర్యవంతురాలు అనడానికి మనసు ఒప్పుకోదు, ఎందుకంటే ఆమె దాటవలసిన గీత ఏదీ అక్కడ లేదు. పైగా ప్రమాదాన్ని ముందుగా హెచ్చరించే ఆ భావం లేకపోవడం వల్లనే ఆమె మళ్లీ మళ్లీ ప్రమాదాల్లో పడింది. భయం మనకు శత్రువని చిన్నప్పటినుంచి నేర్పించారు గానీ, అది మనిషిని కాపాడుతూ వచ్చిన కాపలాదారు. ఆ కాపలాదారు అరుస్తుండగా, ఆ అరుపును విని, అది నిజమేనని ఒప్పుకుని, అయినా గడప దాటినవాళ్ల గురించే నేను చెప్పదలచుకున్నాను.

అలాంటివాళ్లలో మొదట మా నాన్నగారు. ఇంట్లోనూ బంధువుల్లోనూ అందరూ ఆయన్ని భయస్తుడనే అనేవారు, ఆయన కూడా కాదనేవారు కాదు. కుక్క ఎదురైతే వీధికి రెండో వైపుకు మారేవారు. రాత్రి తలుపు గడియ పెట్టి పడుకున్నాక మళ్లీ లేచి చూసివచ్చేవారు. సూది మందు వేయించుకోవలసి వస్తే మొహం గోడ వైపు తిప్పుకునేవారు. ఎవరైనా గొంతు పెంచితే ఆయన గొంతు తగ్గిపోయేది. అలాంటి మనిషి తన కార్యాలయంలో, రాని సరుకు వచ్చినట్లుగా రాసిన ఒక రిజిస్టరులో సంతకం చేయనన్నారు. పైఅధికారి మొదట స్నేహంగా చెప్పారట, తరువాత గట్టిగా చెప్పారట, ఆ తరువాత పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి కదా అని గుర్తుచేశారట. ప్రతిసారీ నాన్నగారు అడిగింది ఒక్కటే, ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని. అది ఎవరూ ఇవ్వరని ఆయనకు తెలుసు. ఆ రాత్రి పక్కగదిలో అమ్మతో ఆయన అన్న మాటలు నాకు వినిపించాయి: "సంతకం పెట్టలేదు. కానీ ఆ గదిలో నిలబడినంతసేపూ నా మోకాళ్లు నా మాట వినలేదు."

బదిలీ కాగితం త్వరలోనే వచ్చింది. మా అన్నయ్య పదో తరగతి మధ్యలో బడి మారాడు. ఈ సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ధైర్యం గురించి నేను చదివిన గొప్పవాళ్లలో చాలామంది ఈ చోట ఆగకుండా ముందుకు వెళ్లిపోయారు.

అరిస్టాటిల్ ధైర్యాన్ని పిరికితనానికీ తెగింపుకూ నడుమ ఉన్న గుణంగా చెప్పాడన్నది చాలామందికి తెలుసు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచింది ఆయన చేసిన మరో పని. ధైర్యంలా కనిపిస్తూ ధైర్యం కాని ఐదింటిని ఆయన విడదీసి చూపించాడు: పదిమందిలో పరువు కోసమో, శిక్షకు వెరచో నిలబడటం, ఆరితేరిన సైనికుడికి ఉండే అనుభవం, ఆవేశం, ఎలాగూ గెలుస్తామన్న నమ్మకం, ప్రమాదం సంగతే తెలియకపోవడం. ఇది చదివిన రోజున నేను నాన్నగారిని ఒక్కొక్క దాని పక్కనా నిలబెట్టి చూశాను. ఆ గదిలో ఆయన్ని మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు. సంతకం పెట్టి ఉంటేనే నలుగురూ మంచివాడనేవారు, పెట్టనందుకే శిక్ష పడింది. అలాంటి ఘర్షణలు ఆయనకు అలవాటు లేదు. ఆయనకు కోపం రావడం మేము ఎరగం. గెలుస్తానన్న ఆశ లేనే లేదు. ఏం జరగబోతోందో ఆయనకు తెలిసినంత స్పష్టంగా ఆ కార్యాలయంలో మరెవరికీ తెలియదు. ఐదింటిలో ఏ ఒక్కటీ ఆయనకు అంటదు. ఆయన చేసిన పనికి చివరికి ఒకే ఒక్క కారణం మిగులుతుంది, ఆ సరుకు రాలేదు కనుక వచ్చిందని రాయడం తప్పు అన్నది.

అయితే అరిస్టాటిల్ ధైర్యాన్ని ప్రధానంగా యుద్ధంలో మరణాన్ని ఎదుర్కోవడంతోనే ముడిపెట్టాడు. అక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. ఆయన గురువైన ప్లేటో రాసిన ఒక సంభాషణలో లాకీస్ అనే సేనాపతి, వరుసలో తన చోటు విడిచిపెట్టకుండా శత్రువుతో పోరాడేవాడే ధైర్యవంతుడని తేల్చిచెబితే, సోక్రటీసు వెంటనే ప్రశ్నను విశాలం చేస్తాడు. సముద్రంలో ప్రమాదానికి, జబ్బుకు, పేదరికానికి, రాజ్యవ్యవహారాలకు, చివరికి కోరికలకు ఎదురు నిలిచేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవద్దా అని అడుగుతాడు. ఆ అడిగినవాడు ఇంట్లో కూర్చుని మాట్లాడినవాడు కాదు. డీలియం దగ్గర ఏథెన్స్ సేన ఓడి వెనుదిరిగినప్పుడు ఆయన ఎంత నిబ్బరంగా నడిచాడో ఆ లాకీస్ స్వయంగా చూసినవాడు. లాకీసూ మరో సేనాపతీ సోక్రటీసూ అంతసేపు వాదించినా ధైర్యానికి నిర్వచనం దొరకకుండానే ఆ సంభాషణ ముగుస్తుంది. అలా ముగిసినందుకు నాకు ఆ రచన మీద గౌరవం పెరిగింది.

నాన్నగారి మోకాళ్ల సంగతి మరో పరిశోధన చదివినప్పుడు కూడా గుర్తుకొచ్చింది. 2010లో ప్రచురించిన ఆ ప్రయోగంలో, పాములంటే భయపడేవాళ్లను మెదడు స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, ప్రాణమున్న పామును కదిలే పట్టీ మీద ఉంచి, దాన్ని దగ్గరికి రప్పించుకోవడమో దూరంగా పంపడమో వాళ్ల చేతికే వదిలిపెట్టారు. భయపడుతూనే దగ్గరికి రప్పించుకున్న క్షణాల్లో మెదడు ముందుభాగంలోని ఒక ప్రాంతం చురుకుగా పనిచేసింది. భయం ఎంత పెరిగితే దాని చురుకుదనం అంత పెరిగింది. భయానికి లొంగిపోయిన క్షణాల్లో ఆ సంబంధం కనిపించలేదు. అంటే ధైర్యం చేస్తున్నప్పుడు లోపల ఏదో పని జరుగుతోంది, భయం ఎంత బరువైతే ఆ పనీ అంత బరువవుతోంది. వణుకుతున్న మోకాళ్లతో నిలబడిన మనిషిని ధైర్యం చాలనివాడని అనుకుంటాం. నా దృష్టిలో ఆ వణుకు అతడు ఎంత బరువు మోస్తున్నాడో చెప్పే గుర్తు.

బడిలో మాతో చదివిన ఒక అమ్మాయికి నత్తి ఉండేది. పాఠం చదవమంటే తల వంచుకుని నిలబడిపోయేది. ఒకరోజు తరగతిలో ఏదో వస్తువు పగిలింది. ఉపాధ్యాయుడు ఒక పిల్లవాణ్ణి పట్టుకుని, చేసింది వాడేనని నిర్ణయించేసి, బెత్తం తీశారు. పగలగొట్టింది వాడు కాదని మాలో చాలామందికి తెలుసు. ముందుగా లేచినది ఆ అమ్మాయి. "వాడు కాదండీ" అన్న రెండు మాటలు ఆమె నోటినుంచి బయటికి రావడానికి పట్టిన సమయం నా జీవితంలో నేను విన్న అతి పొడవైన నిశ్శబ్దాల్లో ఒకటి. మొదటి అక్షరం దగ్గర ఆమె ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టింది, వెనక బెంచీలో ఎవరో నవ్వారు, ఆమె మళ్లీ మొదలుపెట్టింది. కూర్చోలేదు. ఆ మాట పూర్తయ్యాక ఇంకో పిల్లవాడు లేచాడు, తరువాత ఇంకొందరం లేచాం. ఎవరినీ తాకకుండానే బెత్తం కిందికి దిగింది.

అదే మాట మరెవరైనా అని ఉంటే అది చిన్న విషయమే అయ్యేది. చురుకుగా మాట్లాడే పిల్లవాడు లేచి చెబితే దాన్ని ధైర్యమని కూడా అనుకునేవాళ్లం కాము. ఒక పనిలో ఎంత ధైర్యం ఉందో ఆ పనిని మాత్రమే చూసి చెప్పలేమని, ఆ పని చేసిన మనిషి ఎక్కడినుంచి బయలుదేరి అక్కడికి చేరిందో తెలియాలని నాకు నేర్పింది ఆ అమ్మాయి. ఇంకో సంగతి కూడా ఉంది. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవును పోల్చి చెప్పమనే తేలికైన ప్రయోగం చేశాడు. గదిలో మిగతావాళ్లంతా ముందుగా కూడబలుక్కుని తప్పు సమాధానం చెబుతుంటే, అసలు సంగతి తెలియని ఒక్క మనిషి తన కళ్లకు కనిపిస్తున్నదాన్ని కాదని వాళ్లతో ఎన్నిసార్లు కలిసిపోతాడో చూశాడు. నాలుగింట మూడువంతుల మంది కనీసం ఒక్కసారైనా కలిసిపోయారు. కానీ ఆ గుంపులో ఒక్కరు నిజం చెబితే చాలు, అలా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. మా తరగతిలో రెండోసారి లేచినవాడికి ఒక తోడు ఉంది. మొదట లేచిన ఆమెకు ఎవరూ లేరు. రెండో మనిషి, మూడో మనిషి చేసింది కూడా మంచిపనే. కాని ఆమె చెల్లించిన ధర మేము చెల్లించలేదు.

అమెరికాలో మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి మహిళ రోసా పార్క్స్ 1955 డిసెంబరు 1న బస్సులో శ్వేతజాతివాళ్ల కోసం సీటు వదలకపోవడం ప్రపంచమంతటికీ తెలిసిన కథ. అదే నగరంలో, అదే ఏడాది మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి ఒక శ్వేతజాతి స్త్రీ కోసం బస్సులో సీటునుంచి లేవనని చెప్పి అరెస్టయింది. ఆమె పేరు దశాబ్దాలపాటు పెద్దగా ఎవరికీ తెలియలేదు. పార్క్స్ ధైర్యాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆమె తరువాత ఎన్ని కష్టాలు పడిందో తెలిసినవాళ్లు అలా అనలేరు. కాని తొమ్మిది నెలల ముందు, వెనక ఏ ఉద్యమమూ లేచి నిలబడని రోజున, ఆ వయసులో, పోలీసుల ఎదుట కూర్చునే ఉండిపోవడం తలచుకుంటే నాకు మా తరగతిలో నిలబడిన ఆ అమ్మాయే కళ్ల ముందుకు వస్తుంది.

చెడ్డపనికి తెగించినవాణ్ణి ధైర్యవంతుడనవచ్చా అన్న విషయంలో మా అన్నయ్యకూ నాకూ చాలాకాలం వాదన నడిచింది. గుండె దిటవు ఎవరిదైనా దిటవేనని, పని మంచిదా చెడ్డదా అన్నది వేరే లెక్క అని అన్నయ్య అనేవాడు. నాకు అది సరిపోలేదు. నేను వాడికి చెప్పిన ఉదాహరణ హ్యూ థాంప్సన్‌ది. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లై గ్రామంలో అమెరికా సైనికులు నిరాయుధులైన గ్రామస్తులను చంపుతుంటే, అదే సైన్యానికి చెందిన ఆ హెలికాప్టరు పైలట్ తన హెలికాప్టరును సైనికులకూ పారిపోతున్న గ్రామస్తులకూ మధ్య దింపి, సైనికులు గ్రామస్తుల మీద కాల్పులు జరిపితే ఆ సైనికుల మీదనే కాల్చమని తన సిబ్బందికి చెప్పాడు. ఆ తరువాత తన దేశంలోనే చాలామంది ఆయన్ని ద్రోహి అన్నారు. ఆయనకూ ఆయన సిబ్బంది ఇద్దరికీ సైన్యం పతకాలు ఇచ్చింది 1998లో, ముప్పై ఏళ్లకు. ఆ ఇద్దరిలో ఒకరు ఆ పతకం అందుకోవడానికి బతికి లేరు. ఆ రోజు ఆ గ్రామంలో తుపాకులు పట్టుకున్నవాళ్లు కూడా యుద్ధభూమిలో ప్రాణాలకు తెగించి తిరుగుతున్నవాళ్లే. అయినా ఆ ఊళ్లో ధైర్యం ఎక్కడుందని అడిగితే మనం వేలు చూపించేది హెలికాప్టరు వైపే. ఎదుటివాళ్ల తుపాకీకి భయపడకపోవడం ఒకటి, మనవాళ్ల మధ్య ఒంటరివాళ్లం కావడానికి సిద్ధపడటం మరొకటి. రెండోదానికి ఏ సైన్యంలోనూ శిక్షణ ఇవ్వరు. ఇది విన్నాక అన్నయ్య మరీ పట్టుబట్టలేదు.

కాని నాన్నగారి విషయంలో అన్నయ్య పట్టు వేరే, అది న్యాయమైనది కూడా. ధైర్యం చేసేవాడు తన సొమ్మునే ఖర్చు పెట్టాలని, ఆ రోజు నాన్నగారు మా అందరి సొమ్మూ కలిపి ఖర్చు పెట్టారని వాడి వాదన. బడి మారింది వాడు, స్నేహితులను పోగొట్టుకున్నది వాడు, పరీక్షల ముందు కొత్తచోట ఎవరూ తెలియకుండా కూర్చున్నది వాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. దీనికి నేను చెప్పే సమాధానం ఒకటే. అలా అయితే వెనక ఎవరూ లేనివాళ్లకే ధైర్యం చెల్లుతుంది. మనిషిని లొంగదీయాలనుకునేవాళ్లు ముందుగా అతడి పిల్లల పేరు ఎత్తేది అందుకే, నాన్నగారి అధికారి ఎత్తినట్లుగా. ఈ సమాధానం వాడికి సగమే తృప్తినిచ్చింది, నాకూ అంతే.

ఇందులో అమ్మ పాత్ర మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సంతకం సంగతి తేలకముందే ఒక రాత్రి నాన్నగారు ఆమెను, ఏం చేయమంటావని అడిగారట. దానికి అమ్మ, "నన్నడిగితే భయమేస్తోందనే చెబుతాను. అందుకని నన్ను అడక్కండి" అన్నదట. ఈ మాటను నేను ఎన్నోసార్లు తలచుకున్నాను. ఆమె భయాన్ని దాచలేదు. పరవాలేదు, మీ ఇష్టం అని తేలిక చేయలేదు. తన భయం ఎంత బరువైనదో తెలుసు కనుక, అది ఆయన తక్కెడలో పడకుండా తానే దాన్ని పక్కకు తీసి పట్టుకుంది. తరువాత సామాను సర్దింది, కొత్తచోట మమ్మల్ని బడిలో చేర్పించింది, తగ్గిన రాబడితో ఇల్లు నడిపింది. నాన్నగారి ధైర్యాన్ని ఆయన సహోద్యోగులు కొందరు కొన్నేళ్లకు మెచ్చుకున్నారు. అమ్మ చేసినదాన్ని ధైర్యమని అన్నవాళ్లు ఎవరూ లేరు. సోక్రటీసు తన జాబితాలో జబ్బును, పేదరికాన్ని చేర్చాడు గానీ, మరొకరి ధైర్యానికి ధర చెల్లించేవాళ్ల గురించి ఆయన కూడా ఏమీ అడగలేదు. అది నాకు పెద్ద లోటుగానే కనిపిస్తుంది.

అన్నయ్య కూడా ఉద్యోగంలో పైకి వచ్చాక, కొంతకాలం క్రితం వాడి బల్ల మీదికి అలాంటి కాగితమే ఒకటి వచ్చింది. వాడు ఆ సాయంకాలం ఇంటికి వెళ్లి, వదిననూ పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, విషయమంతా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాడు. బడి మారవలసి వస్తుందా అని చిన్నది అడిగితే, రావచ్చునని చెప్పాడు. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదట. ఆ మర్నాడు అన్నయ్య సంతకం చేయనని తిరిగి రాసి పంపాడు. తన భయంతోపాటు పిల్లల భయాన్ని కూడా కళ్లారా చూసి, అది చూసిన తరువాత కూడా ఆ మాట రాయడం నాన్నగారు చేసినదానికన్నా కష్టమని నేను అంటాను. అన్నయ్య ఒప్పుకోడు. తనకు ముందు నాన్నగారు ఉన్నారని, నాన్నగారికి ముందు ఎవరూ లేరని అంటాడు. ఈ వాదన మా మధ్య ఇంకా తెగలేదు.